రేటు ఒక్కటే చూసి ఇల్లు కడితే నష్టమే

ఇసుక తేమ, ఇనుము తూకం, సిమెంటు తారీఖు: దుకాణంలో పాటించే నియమాలను ఇంటి వద్ద మరవరాదు

(మా వాణిజ్య ప్రతినిధి)

పలాస బజారులో జీడిపప్పును దోసిట్లోకి తీసుకుని, అది డబ్ల్యు-320 రకమో 240 రకమో చూపుతోనే చెప్పగల వర్తకులు ఉన్నారు. విజయనగరం, రాజాం, బొబ్బిలి ప్రాంతాలలో గోగునారను చేత్తో మెలిపెట్టి తేమ ఎంత ఉన్నదో అంచనా కట్టగల కమీషన్ వ్యాపారులు ఉన్నారు. పార్వతీపురం చింతపండులో గింజ ఎంత, పీచు ఎంత అని చూడకుండా ధర పలికేవారు లేరు. ఇంతటి అనుభవజ్ఞులే సొంత ఇల్లు మొదలుపెట్టేసరికి ఇసుకలో నీరెంత అని అడగరు. ఇనుప కడ్డీని కాటా మీద పెట్టి చూడరు. సిమెంటు బస్తా మీది తారీఖు చదవరు. బేరం మాత్రం పైసల దాకా సాగుతుంది.

ఇంటి యజమాని రేటులో పోగొట్టుకునే దానికన్నా కొలతలోనూ, కాలంలోనూ పోగొట్టుకునేదే ఎక్కువని కొద్దిపాటి లెక్కలు వేసినా తెలుస్తుంది. ఇందులో మరొక చిక్కు కూడా ఉన్నది. దుకాణానికి వచ్చిన సరుకు నచ్చకపోతే తిప్పి పంపవచ్చు. పోసిన శ్లాబును తిప్పి పంపే దారి లేదు. కాబట్టి తనిఖీ అంతా ముందే జరగాలి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో ఇల్లు కట్టించదలచిన వర్తకులు ముఖ్యంగా గమనించవలసిన విషయాలను ఇక్కడ ఇస్తున్నాము.

పెట్టుబడి ఏ నెలలో తీయాలి?

మొదటి తప్పు స్థలంలో కాదు, ఖాతా పుస్తకంలోనే జరుగుతుంది. సంక్రాంతి దాటిన తర్వాత మాఘ, ఫాల్గుణ, వైశాఖ మాసాలలో ముహూర్తాలు ఉంటాయి. ఎండలు కాస్తాయి, ఇటుక బట్టీలు నడుస్తాయి. శంకుస్థాపనలన్నీ ఈ రోజుల్లోనే. కాని మన జిల్లాల వర్తకులకు కొనుగోళ్ళ సీజను కూడా ఇదే. బెల్లం, చింతపండు ఈ నెలల్లోనే బజారుకు వస్తాయి. మార్చి నుంచి మే వరకు జీడిపిక్కల కొనుగోలు జరుగుతుంది. ఆ వేళకు చేతిలో ఉండవలసిన రొక్కం పునాదిలోకి వెళ్ళిపోతే పిక్కలు అప్పు మీద కొనవలసి వస్తుంది. ఇంటికి సామాను అప్పు లేకుండా కొన్నామన్న సంతోషం మిగులుతుంది గాని, వ్యాపారం వడ్డీ కడుతుంది. ఆ వడ్డీని ఇంటి ఖర్చులో ఎవరూ రాసుకోరు.

ఇంటి సొమ్మును వ్యాపారపు సొమ్ము నుంచి విడదీసి, వేరే ఖాతాలో ఉంచిన తర్వాతే పని మొదలుపెట్టడం క్షేమం. అంచనా వ్యయం పైన నూటికి పది, పదిహేను వంతులు అదనంగా ఉంచుకోవాలి. సగంలో ఆగిన ఇల్లు అన్నిటికన్నా ఖరీదైనది. స్తంభాలపై నిలిచిపోయిన ఇనుము వర్షాలకు తుప్పు పడుతుంది. మేస్త్రీ వేరే పని చూసుకుంటాడు. తప్పనిసరిగా ఆపవలసి వస్తే ప్లింత్ మట్టం వద్దనో, శ్లాబు పూర్తయిన తర్వాతనో ఆపాలి తప్ప మధ్యలో ఆపరాదు.

పల్లపు స్థలం, పైఅంతస్తు ఆశ

పట్టణాల అంచున నేడు అమ్ముడవుతున్న స్థలాలు చాలావరకు ఒకనాటి వరి మళ్ళు. వాటిని గ్రావెల్‌తో మెరక చేసి అమ్ముతారు. పైకి ఎర్రగా, గట్టిగా కనిపించే ఆ మెరక మీదనే పునాది నిలిపితే కొద్ది సంవత్సరాలకు గోడలు బీటలు వారతాయి. పునాది గోతులు ఎత్తుపోత మట్టిని దాటి అసలు నేల దాకా పోవాలి. కొనేముందే స్థలంలో రెండు మూడు చోట్ల మనిషి లోతు గొయ్యి తీయించి చూస్తే మెరక ఎంత, అసలు నేల ఎక్కడ అన్నది తెలుస్తుంది. ఇంటి లోపల మట్టి నింపేటప్పుడు కూడా ఒక్కసారిగా కుమ్మరించకుండా అర అడుగు చొప్పున పొరలు పొరలుగా వేసి, తడిపి, దిమ్మిస చేయించాలి. లేకపోతే గచ్చు కుంగుతుంది.

ఒక అంతస్తుకు పునాది వేసి, తర్వాత చేతిలో డబ్బు ఆడగానే రెండు, మూడు అంతస్తులు లేపడం మరొక పెద్ద తప్పు. కింద దుకాణం, పైన గోదాము, ఆపైన కాపురం అనే ఆలోచన ఉంటే ముందే ఇంజనీరుకు చెప్పాలి. ధాన్యం, పప్పు బస్తాలు నిలవ చేసే గది మోసే బరువు, మనుషులు కాపురముండే గది మోసే బరువు ఒకటి కావు. ప్లాను గీసేవారు వేరు, స్తంభాల బలం లెక్క కట్టే స్ట్రక్చరల్ ఇంజనీరు వేరు. రెండోవారి రుసుము దండగ అనుకోవడం తగదు.

భవనం కూలితే ఏమవుతుందో మన జిల్లాల వారికి ఎవరూ చెప్పనక్కరలేదు. 2014 జూన్ 28న చెన్నై శివారు మౌలివాక్కంలో కడుతున్న 11 అంతస్తుల భవనం కూలి 61 మంది మరణించారు. మృతులలో కూలికి వలస వెళ్ళిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వారు పలువురు ఉన్నారు. దాని పక్కనే ఉన్న రెండో భవనాన్ని 2016 నవంబరు 2న పేలుడు పదార్థాలతో కూల్చివేశారు. ఇతర ఊళ్ళలో మేడలు కట్టేందుకు పోయి ప్రాణాలు కోల్పోయిన మనుషుల ఊళ్ళలోనే మనం ఇళ్ళు కట్టిస్తున్నామన్న సంగతి మరువరాదు.

ఇసుకతో పాటు నీరు కొనరాదు

వంశధార, నాగావళి ఇసుకకు స్థానికంగానే కాక విశాఖపట్నంలోనూ గిరాకీ ఉన్నది. 2019 సెప్టెంబరులో రాష్ట్రంలో కొత్త ఇసుక విధానం వచ్చినప్పుడు డిపో వద్ద టన్ను 375 రూపాయలుగా నిర్ణయించారు. 2024 జూలై 8 నుంచి ఉచిత ఇసుక విధానం అమలులోకి వచ్చింది. ఇసుకకు ధర లేకపోయినా తవ్వకం, ఎగుమతి కూలి, రవాణా ఖర్చులు యజమానిపైనే పడతాయి. అంటే ఇసుక కొంటున్నామన్న పేరే గాని కొనేది లారీ ట్రిప్పును. కనుక ఆ ట్రిప్పులో అసలు ఇసుక ఎంత వచ్చిందన్నదే ప్రశ్న.

ఇసుకకు ఒక గుణం ఉన్నది. పొడి ఇసుకకు నూటికి 5 వంతుల తేమ తగిలితే దాని పరిమాణం 20 నుంచి 30 శాతం వరకు ఉబ్బుతుంది. రేణువుల చుట్టూ నీటి పొర ఏర్పడి అవి ఎడంగా నిలబడడం ఇందుకు కారణం. ఇంకా నీరు పోసి పూర్తిగా ముంచితే మళ్ళీ పొడి ఇసుక మట్టానికే కుంగుతుంది. నూరు ఘనపుటడుగుల యూనిట్ లెక్కన చెమ్మ ఇసుక కొన్నవారికి 25 శాతం ఉబ్బు ఉంటే చేతికి వచ్చేది 80 ఘనపుటడుగులే. ప్రతి ఐదో అడుగూ గాలే.

దీనిని ఇంటివద్దనే తేల్చవచ్చు. నిట్రంగా ఉన్న డబ్బాలో చెమ్మ ఇసుకను 20 సెంటీమీటర్ల ఎత్తు పోసి చదును చేయాలి. ఆ ఇసుకను తీసి, డబ్బాలో సగం దాకా నీరు నింపి, ఇసుకను మెల్లగా తిరిగి పోస్తూ కలియబెట్టాలి. మట్టం 16 సెంటీమీటర్లకు దిగితే ఉబ్బు 25 శాతం అన్నమాట. కొలత బేరంలో ఆ మేరకు కోత పెట్టడం న్యాయమే.

తూకం లెక్కన కొంటే నష్టం తగ్గుతుంది గాని పోదు. 5 శాతం తేమ ఉన్న 20 టన్నుల లోడులో దాదాపు ఒక టన్ను నీరే ఉంటుంది. అయినా కొలత మీద పోయే ఐదో వంతు కన్నా ఇది నయం. వేబ్రిడ్జి చీటీ తీసుకుని, ఖాళీ బండి తూకం కూడా అదే కాటా మీద చూడడం ఉత్తమం.

మట్టి, ఒండ్రు సంగతి వేరే చూడాలి. గాజు గ్లాసులో సగానికి ఇసుక పోసి, చిటికెడు ఉప్పు కలిపిన నీరు నింపి, బాగా కుదిపి మూడు గంటలు కదల్చకుండా ఉంచితే ఒండ్రు పైపొరగా తేరుతుంది. ఆ పొర ఇసుక ఎత్తులో నూటికి 8 వంతులు దాటితే ఆ లోడు వద్దనాలి. సముద్రపు ఒడ్డు ఇసుక, ఉప్పుటేరు ఇసుక ఎంత చవకగా వచ్చినా ఇనుము ఉండే పనిలో వాడరాదు. అందులోని ఉప్పు ఇనుమును లోపలి నుంచి తినేస్తుంది.

వానాకాలంలో నదిలో తవ్వకం ఉండదు. జూన్ లోగా కావలసిన ఇసుక తెప్పించి, చుట్టూ ఇటుక అడ్డుపెట్టి, పైన పట్టా కప్పి ఉంచుకోవాలి. వీధిలో గుట్ట పోసి వదిలేస్తే మొదటి జడివానకు కాలువ పాలవుతుంది.

సిమెంటు: చవకగా వచ్చిందని నిలవ చేయరాదు

ధర తగ్గినప్పుడు సరుకు పట్టడం వర్తకుల అలవాటు. పసుపు, మిరప విషయంలో అది తెలివే. సిమెంటు విషయంలో కాదు. సిమెంటు గాలిలోని తేమను పీల్చి బలం కోల్పోతుంది. మూడు నెలల నిలవకు సుమారు 20 శాతం, ఆరు నెలలకు 30 శాతం బలం తగ్గుతుందని ఇంజనీర్ల లెక్క. సముద్రపు గాలి తగిలే మన ప్రాంతాలలో జాగ్రత్త మరింత అవసరం. మూడు నెలలు దాటిన సరుకును మళ్ళీ పరీక్ష చేయించకుండా వాడరాదు.

బస్తా మీద తయారైన వారం, నెల, సంవత్సరం అచ్చువేసి ఉంటాయి. దిగుమతి చేసుకునే ముందు ఆ అచ్చు చదవాలి. కొక్కెం గుచ్చిన బస్తాలు, అంచున గడ్డకట్టినవి పక్కన పెట్టించాలి. నాలుగైదు బస్తాలను కాటా మీద పెట్టి 50 కిలోలు ఉన్నాయో లేదో చూడడానికి వర్తకునికి ఎవరూ నేర్పనక్కరలేదు. ఇంటివద్ద చెక్కల మీద, గోడకు ఎడంగా, పది బస్తాల ఎత్తుకు మించకుండా పేర్చి, ముందు వచ్చినవి ముందు వాడాలి. రెండు మూడు వారాల పనికి సరిపోయేటంత మాత్రమే తెప్పించుకోవడం మంచిది.

సిమెంటుపై 28 శాతంగా ఉన్న జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతానికి తగ్గింది. బిల్లు లేకుండా కొంటే పన్ను మిగులుతుందని ఆశపడేవారు, సరుకు చెడ్డదని తేలినప్పుడు అడిగే హక్కు కూడా ఆ బిల్లుతోనే పోతుందని గుర్తించాలి.

ఇటుక: వెయ్యి అంటే ఎంత?

ఇటుకను వెయ్యి లెక్కన కొంటాము. కాని వెయ్యి అన్నది సంఖ్య మాత్రమే, కొలత కాదు. 9 అంగుళాల పొడవు, 4½ వెడల్పు, 3 మందం ఉన్న ఇటుక 121½ ఘనపుటంగుళాలు. 8½ పొడవు, 4 వెడల్పు, 2¾ మందం ఉన్న ఇటుక 93½ మాత్రమే. చేతిలో పట్టుకుంటే తేడా తెలియదు. లెక్కలో 23 శాతం తక్కువ. వెయ్యికి నూరు రూపాయలు తగ్గించామని సంతోషించిన యజమాని అదే గోడకు మరిన్ని ఇటుకలు, మరింత సిమెంటు కొంటాడు. తాపీ కూలి కూడా పెరుగుతుంది. రెండు బట్టీల ఇటుకలను పోల్చేటప్పుడు వరుసగా పేర్చిన పది ఇటుకల పొడవు, వెడల్పు, మందం కొలిచి చూడాలి.

నాణ్యతకు తూకమే సాక్షి. పొడి ఇటుకను తూచి, ఒక రోజంతా నీటిలో నానబెట్టి మళ్ళీ తూచాలి. నూటికి 20 వంతుల కన్నా ఎక్కువ నీరు పీల్చరాదు. అంటే 3 కిలోల ఇటుక నానిన తర్వాత 3 కిలోల 600 గ్రాములు దాటకూడదు. ఒకదానితో ఒకటి కొడితే కంచు మోత మోగాలి. బూడిద ఇటుకలకూ ఇదే పరీక్ష. కట్టుబడికి ముందు మట్టి ఇటుకను నానబెట్టకపోతే అది సిమెంటు పాలలోని నీటిని లాగేసి గోడను గుల్ల చేస్తుంది. బట్టీలు వానాకాలంలో ఇటుక కోయలేవు గనుక జూన్ తర్వాత నిలవ సరుకు ధర గట్టిపడడం సహజం. చవకకు ఆశపడి సిమెంటును నిలవ చేయరాదు గాని ఇటుకను చేయవచ్చు.

ఇనుము: కడ్డీ లెక్కా, తూకం లెక్కా?

నిర్మాణంలో వర్తకుడు తన తెలివి పూర్తిగా వాడవలసిన సరుకు ఇదే. కడ్డీ మందాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, దానిని దానితోనే హెచ్చించి 162తో భాగిస్తే మీటరు బరువు కిలోలలో వస్తుంది. దాని ప్రకారం 12 మీటర్ల కడ్డీ 8 మి.మీ. అయితే 4 కిలోల 740 గ్రాములు, 10 మి.మీ. అయితే 7 కిలోల 400 గ్రాములు, 12 మి.మీ. అయితే 10 కిలోల 660 గ్రాములు, 16 మి.మీ. అయితే సుమారు 19 కిలోలు ఉండాలి. 10 మి.మీ. వరకు నూటికి 7 వంతులు, 16 మి.మీ. వరకు 5 వంతులు, అంతకు పైన 3 వంతులు మాత్రమే తేడాను భారతీయ ప్రమాణం ఐఎస్ 1786 అనుమతిస్తుంది.

ఈ అంకెలు జేబులో లేకపోతే ఏమి జరుగుతుందో చూడవచ్చు. 8 మి.మీ. ఇనుము టన్నుకు 211 కడ్డీలు. కడ్డీకి 4 కిలోల 350 గ్రాములే తూగే సరుకును కడ్డీల లెక్కన టన్నుగా బిల్లు చేస్తే అందినది 918 కిలోలే. 82 కిలోల ఇనుము బిల్లులో ఉన్నది, బండిలో లేదు. సరే, తూకం లెక్కన కొంటాము అంటే డబ్బు నష్టం తప్పుతుంది. కాని బలం నష్టం తప్పదు. ఇంజనీరు గీసిన ప్లానులో ఫలానా చోట ఇన్ని కడ్డీలు అని ఉంటుంది. మేస్త్రీ లెక్కపెట్టి అన్నీ వేస్తాడు. ఒక్కొక్కటి సన్నగా ఉన్నది గనుక శ్లాబులో పడిన మొత్తం ఇనుము తక్కువే. మిగిలిన కడ్డీలు ఇంటి వెనుక పడి ఉంటాయి. యజమాని ఇనుము మిగిలిందని సంతోషిస్తాడు.

అందుచేత తూకం, లెక్క రెండూ చూడాలి. ప్రతి సైజులోనూ రెండు మూడు కడ్డీలను విడిగా తూచి, పొడవు కొలిచి, కంపెనీ ముద్ర, ఫె 500 లేదా ఫె 500డి అనే గ్రేడు గుర్తు కడ్డీ మీదనే ఉన్నాయో లేదో సరిచూసుకోవాలి. నేల మీద పడవేయకుండా దిమ్మెల మీద పేర్చి పట్టా కప్పాలి.

శ్లాబు రోజున యజమాని ఎక్కడ ఉండాలి?

శ్లాబు పోసే రోజున యజమాని భోజనాల ఏర్పాటులో, బంధువుల మర్యాదలో ఉంటాడు. అతడు ఉండవలసినది మిక్సరు పక్కన.

ఇనుము కట్టే ఇళ్ళకు ఎం-20 కన్నా తక్కువ కాంక్రీటు వాడరాదని ఐఎస్ 456 చెబుతున్నది. ఆ కాంక్రీటుకు 50 కిలోల సిమెంటు బస్తా ఒక్కింటికి ఇసుక, కంకర కలిపి 250 కిలోలు, నీరు 30 లీటర్లు గరిష్ఠ పరిమితి. కంకర గమేళా మోసేవారికి పలచగా ఉంటే పని సులువు. కనుక బకెట్ల కొద్దీ నీరు పడుతుంది. 30 లీటర్లకు బదులు 40 పోస్తే కాంక్రీటు బలం మూడో వంతు దాకా పోతుంది. సిమెంటు, ఇసుక, కంకర అన్నీ మంచివే కొని, ఊరికే వచ్చే నీటితో పాడుచేసుకోవడం ఇది. చెమ్మ ఇసుకలో ముందే నీరు ఉన్నది గనుక ఆ మేరకు పోసే నీటిని తగ్గించాలి. 5 శాతం తేమ ఉన్న 80 కిలోల ఇసుకలో సుమారు 4 లీటర్ల నీరు ఉంటుంది.

కాంక్రీటు పోయకముందు మూడు సంగతులు చూడాలి. కడ్డీల సంఖ్య, ఎడం ప్లాను ప్రకారం ఉన్నాయా? రింగులు అన్నీ కట్టారా? కవర్ బ్లాకులు పెట్టారా? కవర్ బ్లాకుకు బదులు కంకర రాయి పెడితే అది జారిపోయి ఇనుము సెంట్రింగ్ పలకకు తగులుతుంది. పదేళ్ళ తర్వాత శ్లాబు అడుగున పెచ్చులు ఊడడానికి బీజం ఆ రోజే పడుతుంది. ముహూర్తం దాటిపోతున్నదన్న తొందరలో ఈ తనిఖీ మానరాదు. ముహూర్తానికి ఒక గమేళా పోసి, పరిశీలన అయిన తర్వాత మిగతా పని చేయించుకోవచ్చు.

కలిపిన కాంక్రీటును అరగంట లోపున పోసి వైబ్రేటరుతో కుదించాలి. మధ్యాహ్న భోజనానికి పని ఆపితే ఆ అతుకు దగ్గరనే తర్వాత నీరు కారుతుంది.

సెంట్రింగ్ విప్పే విషయంలో కాంట్రాక్టరు లాభం, యజమాని లాభం ఒకటి కావు. పలకలు, గుంజలు తొందరగా విప్పితే మరొక పనికి పోతాయి. కాని మామూలు సిమెంటుతో పోసిన శ్లాబు 4½ మీటర్ల లోపు వెడల్పు ఉంటే 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు, 6 మీటర్ల లోపు బీముల కింద 14 రోజులు, ఆపైన 21 రోజులు గుంజలు ఉండాలి. బూడిద కలిసిన పీపీసీ సిమెంటు అయితే ఇంకా కొన్ని రోజులు ఎక్కువే ఉంచాలి. ఈ రోజులను ఒప్పందంలోనే రాసుకోవాలి.

తడిపినందుకు బిల్లు రాదు

శ్లాబు పోసిన తర్వాత జరిగే తప్పే అన్నిటికన్నా సామాన్యమైనది. సిమెంటు ఆరి గట్టిపడదు, తడిలో గట్టిపడుతుంది. మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, పీపీసీకి, ఎండ తీవ్రంగా ఉన్నప్పుడు 10 రోజులు తడి ఆరరాదని ప్రమాణం. 14 రోజులు తడపడం మంచిది. మొదటి వారంలో వచ్చే బలం మొత్తంలో సుమారు మూడింట రెండు వంతులు. ఆ వారంలో ఎండిపోయిన శ్లాబుకు తర్వాత ఎన్ని నీళ్ళు పోసినా పోయిన బలం పూర్తిగా రాదు.

తాపీ పనికి కూలి ఉన్నది. ఇనుము కట్టడానికి కూలి ఉన్నది. తడపడానికి ఎవరికీ కూలి లేదు. అందుకే ఎవరూ తడపరు. శ్లాబు మీద వరి మడి మాదిరి గట్లు కట్టి నీరు నిలపాలి. స్తంభాలకు, బీములకు గోనెపట్టాలు చుట్టి రోజుకు మూడు నాలుగుసార్లు తడపాలి. గోగునార పండే జిల్లాలలో గోనెకు కరువు లేదు. ఈ పని ఒక్కదానికే ఒక మనిషిని రెండు వారాలు కూలికి పెట్టుకుంటే, ఇల్లు మొత్తం మీద అంత తక్కువ ఖర్చుతో అంత ఎక్కువ బలం మరి దేనివల్లా రాదు.

ఉప్పుగాలి, తుపాను

ఇచ్ఛాపురం, సోంపేట, బారువ, వజ్రపుకొత్తూరు నుంచి కళింగపట్నం మీదుగా పూసపాటిరేగ, భోగాపురం వరకు సముద్రతీరాన కట్టే ఇళ్ళకు పై లెక్కలు చాలవు. తీర ప్రాంతపు ఉప్పుగాలి నేరుగా తగిలే ఇనుప కాంక్రీటుకు ఐఎస్ 456 ప్రకారం ఎం-30 రకం, ఇనుముపై 45 మి.మీ. కాంక్రీటు కప్పు అవసరం. నీటిలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటరాదు. ఉప్పదనం నాలుకకు తెలుస్తున్న బోరు నీటిని పరీక్ష చేయించకుండా కాంక్రీటులో వాడరాదు. మంచినీటి ట్యాంకరుకు అయ్యే ఖర్చు స్తంభాల మరమ్మతు ముందు లెక్కలోనిది కాదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస సమీపాన తీరం దాటిన తిత్లీ, 2021 సెప్టెంబరు 26న గులాబ్: మన తీరానికి గాలివాన కొత్త కాదు. తిత్లీ గాలి గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల వేగంతో వీచింది. రేకుల కప్పు వేసేవారు రేకును గోడతోనూ, గోడను పునాదితోనూ బోల్టులతో పట్టి ఉంచేలా చూడాలి. రేకు మీద రాళ్ళు, ఇసుక మూటలు పెట్టడం రక్షణ కాదు. గాలికి అవే ముందు ఎగిరి పడతాయి. గోదాము రేకులు లేచిపోతే నష్టం రేకులది కాదు, కింద తడిసిన సరుకుది. సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు నెలల్లో శ్లాబు ముహూర్తం పెట్టుకునేవారు పంచాంగంతో పాటు వాతావరణ శాఖ ప్రకటన కూడా చూడాలి.

ఒప్పందం: మాటను చీటీగా మార్చాలి

మన జిల్లాల తాపీ, సెంట్రింగ్ పనివారు చాలామంది హైదరాబాదు, చెన్నై, విశాఖ పనులకు వలస పోతారు. అందుచేత దొరికిన మేస్త్రీని పోనివ్వరాదని అడ్వాన్సు మీద అడ్వాన్సు ఇచ్చే యజమానులు ఉన్నారు. పని కన్నా డబ్బు ముందు నడిచిన చోట మనిషి నిలవడు. పునాది, ప్లింత్, గోడలు, శ్లాబు, పూత అని దశలు రాసుకుని, దశ పూర్తయిన తర్వాతనే ఆ దశ సొమ్ము ఇవ్వాలి. చివరి నూటికి ఐదు వంతులను ఒక వానాకాలం గడిచే దాకా ఆపుకోవడం ఇద్దరికీ తెలిసి, కాగితం మీద ఉండాలి. వారం వారం కూలి ఇచ్చే చిన్న మేస్త్రీకి మాత్రం ఆ వారం కూలి నిలపరాదు. ఆకలితో ఉన్న మనిషి చేత మంచి పని చేయించలేము.

చదరపు అడుగు లెక్కన మాట్లాడుకునేవారు ఏ చదరపు అడుగో ముందే తేల్చుకోవాలి. సన్‌షేడులు, మెట్లు, పోర్టికో, పిట్టగోడ, నీటి తొట్టి లెక్కలోకి వస్తాయా రావా అన్నచోటనే తగవులు పుడతాయి. గోడ లేచిన తర్వాత వాస్తు పేరిట ద్వారాలు మార్చడం రెట్టింపు ఖర్చు. వాస్తు చూపించుకునేవారు ప్లాను కాగితం మీద ఉన్నప్పుడే చూపించుకోవాలి. కరెంటు పైపులు, నీటి గొట్టాలు పూతకు ముందే పెట్టించి, పూత వేయకముందు గోడల ఫొటోలు తీసి ఉంచుకుంటే తర్వాత మేకు కొట్టినప్పుడు గొట్టం పగలదు.

చివరిగా వర్తకులకు చెప్పవలసిన మాట ఒకటే. ఇంటికి వచ్చే ప్రతి బండికీ దుకాణంలో మాదిరిగానే ఒక దిగుమతి పుస్తకం పెట్టుకోవాలి. తేదీ, బండి నంబరు, తూకం, తేమ, బస్తా మీది వారం, కడ్డీ బరువు అందులో రాయాలి. శ్లాబు పోసిన రోజు, గుంజలు విప్పిన రోజు, తడిపిన రోజులు కూడా అందులోనే ఉండాలి. రేటు అన్నది ఒక్కరోజు బేరం. ఆ ఇంటిలో పిల్లలు, మనవలు నిద్రపోయే రాత్రులకు పూచీ పడేది ఆ పుస్తకంలోని మిగతా గళ్ళే.